మంత్రగాడి వంతు

మా ఆయన మంత్రగాడు. అదీ ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. మిగతా వారమంతా పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేవాడు, గీత వంకర పోతే కాగితం వెనక్కి ఇచ్చేసేవాడు, ఇంట్లో బల్బు మార్చమంటే రేపు అనేవాడు. పేరు ఇంద్రసేన.

హనుమకొండలో కైసర్ భాయ్‌కి ఫోటో స్టూడియో ఉంది. దాని వెనక గదిలో, జలపాతం బొమ్మ వేసిన పాత తెర ముందు బల్ల వేసుకుని ముగ్గురు ఆడేవాళ్లు. కైసర్ భాయ్ కథ నడుపుతాడు. మీరు గుహలోకి పోయారు, రాతి ఏనుగు లేచింది, ఏం చేస్తారు అని అడుగుతాడు. బస్సు డ్రైవరు ఓదెలన్న కత్తివీరుడు. మా ఆయన మంత్రగాడు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఒక పెద్ద పని, ఒక చిన్న పని చెయ్యొచ్చు. ఇంకొకరి వంతు నడుస్తుండగా ఏదైనా జరిగితే దానికి ఒక ఎదురుపని చెయ్యొచ్చు. ఫలించిందో లేదో పాచికలు చెబుతాయి. చిన్నపిల్లల ఆట అనుకుని నేను చాలాకాలం నవ్వాను. పొద్దుగూకేదాకా అరుచుకుని, గొంతులు పోయి ఇళ్లకు వచ్చేవాళ్లు.

ఆ బల్ల దగ్గర వాళ్లకు ఒక మర్యాద ఉంది. చెయ్యడానికి ఏమీ లేనివాడు వేలితో బల్ల మీద తట్టాలి. తడితేనే వంతు వదులుకున్నట్టు. తట్టకుండా ఊరుకుంటే అవతలివాళ్లు నోరు మూసుకుని ఆగాలి.

ఒకసారి నన్నూ కూర్చోబెట్టారు. నాకో మంత్రగత్తె బొమ్మ ఇచ్చారు. తలుపు నేనే తెరిచాను, దీపం నేనే వెలిగించాను, ఓదెలన్న కత్తి దూస్తుంటే అడ్డం పోయి నిప్పు కూడా నేనే విసిరాను. రాతి ఏనుగు నన్ను ఒక్క తొక్కు తొక్కింది. మా ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"అన్ని నువ్వే చేస్తనంటవ్ రూపా. పక్కోళ్లకు గూడ చేతులుంటయ్. మంత్రగాడు కొడితే ఒక్క దెబ్బ. అదే మంత్రం ఓదెలు మీద ఏస్తె వాడు రెండు దెబ్బలు కొడతడు, ఏనుగు వాణ్నే చూస్తది, కైసర్‌గాడు చెమటలు తుడుచుకుంటడు."

నాకు ఒళ్లు మండింది. నా పేరు స్వరూప. కరెంటాఫీసులో బిల్లుల కౌంటరు నాది. జ్వరమొచ్చినా ఇంకొకరిని ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు. 'నాతోని కాదు' అనే మాట నా నోట ఎవరూ వినలేదు, మా అమ్మ కూడా వినలేదు. అది గొప్ప అనుకునేదాన్ని.

తర్వాత వర్షాకాలంలో ఒక పొద్దున ఆయన బాత్రూంలో పడిపోయాడు. మెదడు అడుగున ఎక్కడో రక్తనాళం మూసుకుపోయిందట. ప్రాణం దక్కింది. తెలివి ఎక్కడికీ పోలేదు, అన్నీ వింటాడు, అన్నీ అర్థమవుతాయి. కానీ రెప్పలు తప్ప ఒంట్లో ఏదీ ఆయన మాట వినదు. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. అప్పటినుంచి మా ఇంట్లో రోజులు అలాగే నడిచాయి.

*

కాజీపేట దారిలో ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ డాక్టర్ వైదేహి అనే ఆవిడ ఇలాంటివాళ్ల కోసం ఒక పరికరం తయారు చేస్తున్నారు. దాన్ని వాళ్లు వారధి అంటారు. వేలిగోరంత పలక ఒకటి పుర్రె లోపల మెదడు మీద అంటిస్తారు. మనిషి ఏ మాట అనాలనుకున్నాడో అది పసిగట్టి, మంచం పక్కనున్న పెట్టెకు చెబుతుంది. పెట్టె ఆ మాట పలుకుతుంది. కైసర్ భాయ్ ఆటల్లో తీసిన వీడియోలన్నీ ఇస్తే, అందులోంచి మా ఆయన గొంతు తీసి పెట్టెకు నేర్పారు. అంచేత అది పాలిటెక్నిక్ గొంతు కాదు, మంత్రగాడి గొంతు.

మొదటి రోజు చాలాసేపు ఏమీ రాలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరికి పెట్టెలోంచి వచ్చింది.

"చాయ్."

నేను ఏడ్చాను. ఆయన పొట్టలోకి గొట్టం ఉంది, చాయ్ తాగలేడు. అయినా అదే అడిగాడు.

డాక్టర్ గారు నెమ్మదిగా సంగతి చెప్పారు. "పలక వాడినప్పుడల్లా వేడెక్కుతుందండీ. చల్లారనివ్వాలి. ఒక విడతలో ఒక పెద్ద పని, అంటే నాలుగైదు మాటలు. దానితోపాటు ఒక చిన్న పని, ఔననో కాదనో. అంతకు మించి లాగితే పలక మాడిపోతుంది. చుట్టూ ఉన్న నరాలకు మచ్చ పడితే మళ్లీ పెట్టడానికి చోటుండదు. ఇంద్రసేన గారూ, మీకు అర్థమైందా?"

ఆయన ఒకసారి రెప్ప వేశాడు. తర్వాత కళ్లు కైసర్ భాయ్ వైపు తిప్పాడు. అవి నవ్వుతున్నాయి.

"అరే, ఇది మన ఆటే గదరా!" అని కైసర్ భాయ్ కుర్చీలోంచి లేచాడు. "డాక్టరమ్మా, మరి మూడోది ఏది? ఎదురుపని? వేరేటోళ్ల వంతుల ఏదన్న అయితే, దానికి వీడు ఏమనాలె?"

ఆవిడ మొదట విసుక్కున్నారు. కానీ ఆలోచించే మనిషి. మా ఆయనకు ఒక మాట కూర్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. అది బయటికి వచ్చేసరికి అవతలివాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోతారు. మాట ముందే కూర్చి మనసులో పట్టుకుని ఉంచుకుంటే, అనుకున్న సంగతి జరగ్గానే చిటికెలో బయటికి రావాలి. కొన్ని వారాల్లో అది కూడా పని చేసింది. వాళ్లు దానికి ఏదో పొడుగు పేరు పెట్టారు. మా వాళ్లు మాత్రం ఆటలో మాటే అన్నారు, కాపు.

కాపులో రెండు చిక్కులున్నాయి. పట్టుకున్నంతసేపు ఇంకే పనికీ ధ్యాస చాలదు, అడిగినదానికి రెప్ప వేయడానికి కూడా. ఎవరైనా కదిలిస్తే కూర్చిందంతా కూలిపోతుంది, మళ్లీ మొదటినుంచి కూర్చుకోవాలి. ఆటలోనూ అంతేనట. మంత్రాన్ని పట్టుకున్నవాడికి దెబ్బ తగిలితే మంత్రం జారిపోతుంది.

*

ఆ తర్వాత ఆట మా ఇంటికి వచ్చింది. ఆయన మంచానికి బల్ల ఆనించి, ఫోటోలు అంటించే అట్ట వెనక కైసర్ భాయ్ గుహలు గీశాడు. మా అమ్మాయి హిమజ ఆరో తరగతి. వాళ్ల డాడీ పాచికలు అదే వేసేది.

ఒక ఆదివారం నేను వంటింట్లోంచి చూస్తున్నాను. వంతెన మీద యుద్ధం. అవతల నుంచి ఎముకల సైన్యం వస్తోంది. ఓదెలన్న గొంతు చించుకుంటున్నాడు.

"ఇంద్రన్నా, నిప్పెయ్యే! అందర్ని ఒక్కసారి కాల్చెయ్!"

పెట్టె పలికింది. "ఓదెలుకు... వడి మంత్రం."

"మల్ల నాకేనా? నువ్వు కొట్టరాదే!"

కానీ వడి అందుకున్నాక ఓదెలన్న ప్రతి వంతులో రెండు దెబ్బలు కొట్టాడు. సైన్యం సగమైంది. రెండో వంతు వచ్చేసరికి పెట్టె ఒక్క మాట అంది. "కాపు." ఇక ఆయన్ను ఎవరూ కదిలించకూడదు. ఓదెలన్న లోలోపలే తిట్టుకున్నాడు. కైసర్ భాయ్ తన వంతులో రాక్షసుడిని దింపి ఓదెలన్నను వంతెన మీంచి తోశాడు. తోశాడో లేదో పెట్టె ఠక్కున పలికింది.

"ఓదెలు పడితే, గాలి పరుపు!"

ఓదెలన్న పైకి లేచాడు, బతికాడు. హిమజ ఎగిరి గంతేసింది. ఆ రోజంతా ఆయన తనకోసం ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. గెలిచింది మాత్రం ఆయనే అని వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

వెళ్తూ ఓదెలన్న గుమ్మం దగ్గర ఆగాడు. "చెల్లె, రాత్రిపూట నేనుంటనే. పక్కకు తిప్పుడు నాకొస్తది. బస్సు స్టీరింగు తిప్పినోన్ని."

"ఏం అవసరం లేదన్నా. నేను చూసుకుంట."

"నేను వంటజేసి పంపిస్త భాభీ," అన్నాడు కైసర్ భాయ్.

"నేను చూసుకుంట అన్న గద భాయ్."

వీపు పుండ్లు పడకుండా ఆయన్ను అటూ ఇటూ తిప్పాలి. గొంతులో తెమడ మిషన్‌తో లాగాలి. గొట్టంలో పాలు పొయ్యాలి, పక్కలు మార్చాలి, ఉతకాలి. నిద్ర అంటే ఆ పనుల మధ్య కళ్లు మూతలు పడటమే. ఆఫీసుకు సెలవు పెట్టాను. తలుపు వేసి వెనక్కి తిరిగితే ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. చాలాసేపు చూశాడు. నేను పట్టించుకోలేదు, నాకు పాలు పొంగుతున్నాయి.

*

ఆ వారంలోనే ఆయన మాట మానేశాడు.

మొదట పలక చల్లారలేదేమో అనుకున్నాం. తర్వాత అలిగాడనుకున్నాం. హిమజ బొమ్మల పోటీలో బహుమతి తెచ్చి, వాళ్ల డాడీ చేతి కింద పెట్టి, పెట్టె వైపు చెవి పెట్టి కూర్చుంది. పెట్టె పలకలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

"మమ్మీ, డాడీకి నచ్చలేదా?"

"నచ్చింది బిడ్డా. అలసిపోయిండు."

"గీత వంకర పోయిందేమో," అని అది కాగితాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. నాకు ఆయన మీద కోపం వచ్చింది. దెబ్బ తిన్నవాడి మీద కోపం రావడం కన్నా నీచం ఏముంటుంది? అయినా వచ్చింది. పక్క మారుస్తున్నప్పుడు చెయ్యి కాస్త గట్టిగానే లాగాను.

ప్రయోగశాలలో చేర్చుకుని పరీక్షలు మొదలుపెట్టారు. మాటిమాటికీ ఒక గంట మోగిస్తారు, చిటికెన వేలు నొక్కుతారు, కళ్లలో లైటు వేస్తారు. "ఇంద్రసేన గారూ, ఒక్క మాట చెప్పండి" అంటారు. మొదటి రోజు ఆయన రెప్పలతో జవాబిచ్చాడు. ఏమైనా ఇబ్బందా? అవును. నొప్పా? కాదు. వేడా? కాదు. ఊపిరా? కాదు. భయమా? కాదు. డాక్టర్ గారికి ప్రశ్నలు అయిపోయాయి. నాకూ అయిపోయాయి. ఆయన అడగమన్న ప్రశ్న మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మర్నాటి నుంచి రెప్పలు కూడా ఆగిపోయాయి.

కంప్యూటర్ తెర మీద డాక్టర్ గారు నాకు పలక నుంచి వచ్చే గీత ఒకటి చూపించారు. సన్నగా, ఎడతెగకుండా వణుకుతూ పోతోంది. పరీక్ష మొదలుపెట్టగానే కిందికి పడిపోతుంది. కాసేపటికి మళ్లీ మెల్లగా లేస్తుంది.

"ఇది మాట కాదమ్మా. మచ్చ పడిన నరాలు చేసే చప్పుడు. అందుకే పరికరం మొద్దుబారింది." ఆవిడ కళ్లకింద నల్లటి వలయాలున్నాయి. ఆవిడ కూడా సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో. "అలాగే వదిలేస్తే మచ్చ పెరుగుతుంది. సోమవారం తీసేద్దాం."

"మళ్ల పెడతరా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "లేదమ్మా. ఇంక చోటుండదు."

అంటే ఆ గొంతు సోమవారంతో సరి. చాయ్ అన్న గొంతు, ఓదెలును గాలి పరుపు మీద నిలబెట్టిన గొంతు. నేను తల ఊపి బయటికి వచ్చి కారిడార్ గోడకు ఆనుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

*

గురువారం కైసర్ భాయ్, ఓదెలన్న ప్రయోగశాలకు వచ్చారు. కైసర్ భాయ్ సంచిలోంచి అట్ట తీసి మంచం మీద పరిచాడు.

"ఇక్కడేంది భాయ్?" అన్నాను.

"సోమవారం తీసేస్తరంట గదా భాభీ. ఒక్క ఆట. వీడి బొమ్మ వంతెన మీదనే నిలబడి ఉన్నది."

ఆట మొదలుపెట్టారు. ఓదెలన్న కొట్టాడు. తర్వాత కైసర్ భాయ్ మంచం వైపు తిరిగాడు. "మంత్రగాడి వంతు. ఏం జేస్తున్నవ్ ఇంద్రా?"

జవాబు లేదు. కైసర్ భాయ్ ఊరుకున్నాడు. ఓదెలన్న ఊరుకున్నాడు. నేను కుర్చీలో కునికిపాట్లు పడి లేచేసరికి కూడా ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.

"కానియ్యుండ్రి. ఆయన వంతు వదిలేసిండు, కనబడ్తలేదా?" అన్నాను చిరాగ్గా.

కైసర్ భాయ్ నా వైపు వింతగా చూశాడు. "వదిలెయ్యలే భాభీ. ఇన్నేండ్లల్ల వీడు వంతు వదిలినప్పుడల్ల బల్ల తట్టిండు. ఇట్లయినంక రెప్ప వేసి తట్టిండు. ఒక్కసారన్న మర్యాద తప్పలేదు. ఇయాల తట్టలేదు." కైసర్ భాయ్ గొంతు తగ్గించాడు. "ఉలుకు లేదు, పలుకు లేదు. మనం ఎప్పుడు చూసినం వీణ్ని గిట్ల?"

"వంతెన మీద," అన్నాడు ఓదెలన్న. "కాపుల."

నేను లేచి మంచం దగ్గరికి పోయాను. "ఏమయ్యా, నువ్వు..."

"అడగకు భాభీ!" కైసర్ భాయ్ నా చెయ్యి పట్టి ఆపాడు. "అడిగితే జారిపోతది. ఏదో పెద్ద మంత్రం పట్టుకున్నడు వీడు. నాకొకటే అర్థమైతలేదు. ఇన్ని రోజులా? నాలుగు మాటలకు ఇన్ని రోజులెందుకు? ఎవరో వీణ్ని కొడుతుండాలె. కూర్చినప్పుడల్ల ఎవరో కొట్టి కూలగొడుతుండాలె."

అప్పుడే గంట మోగింది. తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి లోపలికి వచ్చి, నవ్వుతూ మా ఆయన చిటికెన వేలు నొక్కింది. "ఇంద్రసేన గారూ, ఒక్క మాట చెప్పండి."

తెర మీద వణుకుతున్న గీత దభాలున కిందికి పడింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. కొట్టింది మేమే. మాట రావాలని రోజంతా పిలిచి, పిలిచి, వస్తున్న మాటను మేమే రాలగొట్టాం.

డాక్టర్ వైదేహి గారు అంత సులభంగా ఒప్పుకోలేదు. "ఆటలో సంగతి నమ్మి పరీక్షలు ఆపమంటారా? పరీక్ష చెయ్యకపోతే నాకెలా తెలుస్తుందండీ?"

"తెలుసుకోవద్దు మేడం," అన్నాను. "సోమవారం దాకా మనం ఎవరం ఏం తెలుసుకోవద్దు. ఇంటికి తీస్కపోత."

ఆవిడ తెర మీద గీతను చాలాసేపు చూశారు. అది మళ్లీ మెల్లగా లేస్తోంది. "మచ్చ చప్పుడైతే పరీక్షకు ఇలా పడకూడదు," అన్నారు తనలో తాను. తర్వాత నా వైపు తిరిగారు. "కానీ ఒకటి. ఇన్ని రోజులు కూర్చే మాట పొడుగ్గా ఉంటుంది. పొడుగు మాటకు పలక తట్టుకోదు. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే చెప్పాను."

"ఆయనకు తెలుసు మేడం," అన్నాను.

*

ఇంట్లో ఆ మూడు రోజులు దొంగల్లా తిరిగాం. టీవీ పెట్టలేదు, కుక్కర్ విజిల్ రానివ్వలేదు. ఆయన్ను ఏమీ అడగొద్దని హిమజకు చెప్పాను. అది బడినుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుని చప్పుడు లేకుండా బొమ్మలు వేసుకునేది. తిప్పేటప్పుడు, తెమడ లాగేటప్పుడు దూదిని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఎంత మెల్లగా చేస్తే పని అంత బరువవుతుందని అప్పుడే తెలిసింది. ఓదెలన్న వచ్చి బయట అరుగు మీద కూర్చుని వెళ్లేవాడు. లోపలికి రమ్మనలేదు. నేను చూసుకుంటున్నాను కదా.

ఏం కూరుస్తున్నాడా అని ఆలోచించేదాన్ని. హిమజకు ఏమైనా చెబుతాడేమో. తన తల్లిని చూడాలంటాడేమో. నాకు చెప్పని మాట ఏదైనా ఉందేమో. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనంటే ఇష్టమని అంటాడేమో అని కూడా అనుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట అనలేదు మరి.

ఆదివారం మధ్యాహ్నం. ముందు గదిలో కైసర్ భాయ్, ఓదెలన్న అట్ట పరుచుకుని మాట్లాడకుండా కూర్చున్నారు. హిమజ వాళ్ల దగ్గరే ఉంది. నేను లోపల ఆయన పక్క మార్చి, ఉతికిన దుప్పటి వేసి, గొట్టంలో పాలు పొయ్యబోయాను. గిన్నె జారి పాలన్నీ దుప్పటి మీద, పరుపు మీద పడ్డాయి. తుడుద్దామని వంగాను. నడుము పట్టేసింది. వంగలేక, లేవలేక, మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. పాలు పరుపు అంచునుంచి నా భుజం మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎవరితోనూ అనలేదు, గట్టిగా కూడా అనలేదు.

"ఇగ నాతోని కాదు."

పెట్టె పలికింది.

"రూపా. నీ వంతు అయిపోయింది. ఓదెలు నన్ను తిప్పుతడు. కైసర్ వండుతడు. హిమజ నా పక్కన కూసుంటది, దాని గీత మంచిగున్నది. నువ్వు పోయి పండుకో. ఈ వంతు నాది."

ఆగకుండా, తడబడకుండా, వంతెన మీద మంత్రం వేసిన గొంతుతోనే చెప్పాడు. ఇన్ని రోజులూ ఆయన కాపు పట్టుకున్నది నా నోట 'నాతోని కాదు' అన్న మాట వచ్చేదానికే. ఆ తర్వాత పెట్టె మీద ఆకుపచ్చ దీపం ఎర్రగా మారి, కాసేపు వెలిగి, ఆరిపోయింది. ఆయన నుదురు నిప్పులా కాలుతోంది. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఒకసారి రెప్ప వేశాడు.

గుమ్మంలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఓదెలన్న చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "లే చెల్లె," అన్నాడు. కైసర్ భాయ్ డాక్టర్ గారికి ఫోన్ చేసి, తడిగుడ్డ తెచ్చి ఆయన నుదుటి మీద వేశాడు. హిమజ బొమ్మ కాగితం పట్టుకుని మంచం ఎక్కి కూర్చుంది.

డాక్టర్ గారు వచ్చి చూసి, జ్వరం దిగుతుంది, ప్రాణానికి భయం లేదన్నారు. అదొక్కటి విని పక్క గదిలోకి పోయి పడుకున్నాను. మళ్లీ లేచేసరికి సోమవారం ఎండ కిటికీలోంచి పడుతోంది. వంటింట్లోంచి మాడిన వాసన వస్తోంది.

*

పలక తీసేశారు. నల్లగా మాడిపోయి ఉంది. ఇంత పొడుగు మాట ఈ పరికరంతో ఎవరూ పలకలేదని, లోకానికి చెప్పాల్సిన సంగతని డాక్టర్ గారు అన్నారు.

"ఇంతకీ ఆయన ఏం చెప్పారమ్మా?"

"పండుకొమ్మన్నడు."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉన్న ఒక్క గొంతూ దానికేనా?"

"ఔ మేడం. దానికే."

నాకూ కోపం లేదనుకోకండి. ఎన్నో రోజులు కోపంగానే ఉంది. హిమజ పెళ్లికి ఒక మాట మిగుల్చుకోవచ్చు కదా, నాకు ముసలితనంలో తోడుగా 'చాయ్' అన్న మాటైనా ఉంచుకోవచ్చు కదా అని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన రెండుసార్లు రెప్ప వేశాడు. అయినా ఆ ఆదివారం ఆయన వేసిన మంత్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. రాత్రుళ్లు ఓదెలన్న వస్తాడు. డ్యూటీ ఉన్న రోజు తన అన్నను పంపుతాడు. కైసర్ భాయ్ ఖిచిడీ ఇప్పటికీ అడుగంటుతూనే ఉంటుంది. నేను ఆఫీసుకు పోతున్నాను. నేను లేనప్పుడు నా కౌంటర్లో ఇంకెవరో కూర్చుంటారు, బిల్లులు కడుతూనే ఉంటారు.

మొన్న ఆదివారం మళ్లీ అట్ట పరిచారు. వంతెన దాటారు, కోట తలుపు ముందు ఉన్నారు. కైసర్ భాయ్ ఎప్పటిలాగే మంచం వైపు తిరిగాడు.

"మంత్రగాడి వంతు. ఏం జేస్తున్నవ్ ఇంద్రా?"

అందరం ఆగాం. ఆయన ఓదెలన్నను చూశాడు, హిమజను చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా, ఒక్కసారి, రెప్ప వేశాడు. వంతు వదిలేశాడు.

కైసర్ భాయ్ మంత్రగాడి బొమ్మను నా ముందుకు జరిపాడు. "అయితే వీడి వంతు నీది భాభీ. కోట తలుపు తెరుచుకుంటున్నది. లోపట ఏదో కదులుతున్నది. ఏం జేస్తవ్?"

నేను బొమ్మను తీసి కత్తివీరుడి పక్కన పెట్టాను. పాచికలు హిమజ చేతిలో పెట్టాను. నడుము ఇంకా నొప్పిగానే ఉంది.

"వడి మంత్రం ఓదెలన్నకు," అన్నాను. "అన్నా, తలుపు కాడ నువ్వు చూస్కో. నేను కాసేపు పండుకొనొస్త."